వివాహానంతరం మనిషిని సంస్కరించేది ఏది?

మానవుని స్వభావం బాల్యంలోనే స్థిరపడుతుందనీ, యౌవనం దాటిన పిదప అది మారదనీ పలువురి అభిప్రాయం. సంప్రదాయం దీనిని అంగీకరించదు. షోడశ సంస్కారాల ప్రసిద్ధ గణనలో గర్భాధానం మొదలు వివాహం వరకు సంస్కారాలు వరుసగా వస్తాయి. ఆపైన మిగిలినది అంత్యేష్టి మాత్రమే. ఈ రెండింటి నడుమ గల సుదీర్ఘ జీవితంలో మనిషిని సంస్కరించేది అతడు వహించిన స్థానధర్మమే. భార్య, భర్త, తల్లి, తండ్రి, పుత్రుడు అనే స్థానాలే ఆ కాలపు సంస్కారాలు.

మహాభారత అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజునకు చెప్పిన కౌశికుని వృత్తాంతం ఇందుకు నిదర్శనం. కౌశికుడు వేదాధ్యయనపరుడు, తపస్వి. అయినను తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో నేలకూల్చాడు. భిక్షకు వెళ్ళిన ఇంట గృహిణి పతిసేవలో ఉండి ఆలస్యం చేయగా ఆమెపైనా కోపించాడు. తాను కొంగను కానని పలికిన ఆ సాధ్వి, అతనిని మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు పంపింది. మాంసవిక్రయంతో జీవించే ధర్మవ్యాధుడు తన వృద్ధ మాతాపితరులను చూపి, వారి సేవయే తన తపస్సని తెలిపాడు. తల్లిదండ్రులను విడిచివచ్చిన కౌశికుని తిరిగి వారి సేవకు పొమ్మన్నాడు. అధ్యయనం అతనికి విద్యనిచ్చింది, తపస్సు శక్తినిచ్చింది; క్రోధాన్ని రెండూ తొలగించలేదు. పుత్రస్థానాన్ని విడిచినందున అతని చిత్తంలో ఒక భాగం అపక్వంగానే మిగిలింది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పల్లెలలో, తాడ్వాయి పరిసరాలలో, ఈ సత్యం నేడు ప్రత్యక్షంగా గోచరిస్తుంది. దశాబ్దాలుగా ఇక్కడి పురుషులు జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. ఇంట ఉన్న ఇల్లాలే నాట్లకు కూలీలను పిలుస్తుంది, బోరు మోటారు కాలిపోతే బాగుచేయిస్తుంది, అప్పు కడుతుంది, అత్తమామలను దవాఖానకు తీసుకుపోతుంది. గుడిలో అర్చనవేళ దూరాననున్న భర్త గోత్రనామాలు ఆమెయే చెబుతుంది. పెండ్లినాడు పదిమందిలో నోరు విప్పని యువతి, పదేండ్లకు ఇంటిపెద్దగా మాట్లాడుతుంది. ఆమెకు బాధ్యతయే గురువైనది.

భర్త కూడా మారుతాడు. ఎండలో శ్రమించడం, పరులతో ఒకే గదిలో సర్దుకొనడం, కోరికలను అణచుకొనడం అతనికి అలవడతాయి. అది చిన్న తపస్సు కాదు. కాని బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి మేల్కొనే పితృధర్మం ఫోనులో సిద్ధించదు. అతడు తిరిగివచ్చిన నాడు, ఇద్దరు కొత్త మనుష్యులు పాత సంబంధాన్ని వెదుకుతారు. ఆమె మారిపోయిందని బంధువులు నిందిస్తారు.

ఆ నింద అధర్మం. కుటుంబం మోపిన భారాన్ని మోసి ఆమె సంపాదించిన ధైర్యం ఆ కుటుంబపు సంపదయే. దానిని విడిచిపెట్టమనడం కృతఘ్నత. వచ్చినవాడు సైతం యజమాని అనే పేరును కాక, యజమాని చేయవలసిన పనిని స్వీకరించాలి. బిడ్డను బడికి తీసుకుపోవడం, పొలానికి నీరు పెట్టడం, వృద్ధ మాతాపితరులకు అన్నం వడ్డించడం: ఇవే అతనికి కౌశికుని మార్గం. గ్రామం కూడా అతనిని డబ్బు తెచ్చినవాడుగానో, తేనివాడుగానో తూచక, ఉత్సవనిర్వహణలో, అన్నదానంలో ఒక పని అప్పగించాలి. స్థానం దొరకని మనిషి ఇంట ఉండియు పరదేశియే.

ఎరిక్ ఎరిక్సన్ అనే మనోవైజ్ఞానికుడు 1950లో ప్రచురించిన గ్రంథంలో వ్యక్తిత్వవికాసం వార్ధక్యం వరకు ఎనిమిది దశలలో సాగుతుందని ప్రతిపాదించాడు. తరువాతి తరాన్ని పోషించడం మధ్యవయస్సు ధర్మమని అతని భావం. గృహస్థాశ్రమ విధి ఇదే కదా!

అయితే ఒక హెచ్చరిక అవసరం. స్థానం అంతఃకరణాన్ని సంస్కరిస్తుందే కాని, ఆత్మ కాజాలదు. అది ఉపాధి మాత్రమే. స్థానమే తానని భ్రమించినవాడు, కొడుకు పెద్దవాడైనా అధికారాన్ని విడువలేడు. సేవగా మొదలైనది అహంకారంగా గట్టిపడుతుంది. గృహస్థానంతరం వానప్రస్థాన్ని విధించడంలో ఆంతర్యమిదే. స్థానాన్ని సంపూర్ణంగా నిర్వహించడం ఒక సాధన, కాలం వచ్చినప్పుడు దానిని ప్రసన్నంగా అప్పగించడం అంతకంటె గొప్ప సాధన.