లెక్కలోకి రాని గుడిసెలు

2004 డిసెంబర్ 26, ఆదివారం. సుమత్రా దగ్గర భూమి కంపించిన కొన్ని గంటలకే సునామీ మన నెల్లూరు తీరాన్ని తాకింది. ఆ తర్వాత లారీలు వచ్చాయి. బియ్యం, దుప్పట్లు, బిందెలు, పిల్లలకు పలకలు వచ్చాయి. దాతల మంచి మనసును మేం తప్పు పట్టడం లేదు. మేం అడిగేది ఒక్కటే. పంచడానికి ముందు రాసిన జాబితాలు ఎవరిని అడిగి రాశారు?

పడవ పోయినవాడికి పడవ, వల పోయినవాడికి వల, ఇల్లు కూలినవాడికి ఇల్లు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మేం యానాదులం. మాలో ఎక్కువమందికి పడవ లేదు. బకింగ్‌హాం కాలువలో, ఉప్పుటేరుల్లో నడుంలోతు నీళ్ళలో దిగి చేత్తో తడిమి రొయ్యలు, పీతలు పట్టుకుంటాం. ఇంకొకరి పడవలో కూలికి పోతాం. రొయ్యల గుంటలకు కాపలా ఉంటాం. పడవ విరిగితే యజమానికి నష్టం రాస్తారు. ఆ పడవ మీద బతికే కూలికి పోయిన పనిదినాలు ఏ కాగితంలోనూ ఉండవు. పట్టా లేని చోట వేసుకున్న మా గుడిసె కొట్టుకుపోతే అది కూలిన ఇల్లు కాదట, ఆక్రమణ అట!

సంస్థల వాళ్ళు ఊళ్ళోకి రాగానే ఊరి పెద్దల్ని కలుస్తారు. మా గుడిసెలు ఊరికి ఎడంగా కాలువ గట్టున ఉంటాయి. పెద్దల నోట మా పేరు రాకపోతే సంస్థ కాగితంలోనూ రాదు. పట్టపు అన్నదమ్ముల మీద మాకు కోపం లేదు. వాళ్ళూ సముద్రానికి బిడ్డల్ని ఇచ్చినవాళ్ళే. వాళ్ళ కంచంలోది మాకు వద్దు. మా కంచం మాకు పెట్టమంటున్నాం.

'యానాదులు అడగరు, ఒకచోట ఉండరు, కార్డులు ఉండవు, మేమేం చేస్తాం' అంటారు. పగటిపూట జీపులో వచ్చి చూస్తే గుడిసెల్లో ఎవరుంటారు? నీళ్ళలో ఉంటాం, గుంటల మీద ఉంటాం. చీకటి పడ్డాక రండి, అందరం కనిపిస్తాం. కార్డు లేకపోవడం మా మొదటి నష్టం. దాన్నే సాక్ష్యంగా చూపి రెండో నష్టం చేయడం ఏం న్యాయం?

ఒకప్పుడు మా వాళ్ళలో కొందరి పేర్లు నేరస్త తెగల చట్టం కింద పోలీసుల పుస్తకాల్లో ఉండేవి. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు మా కోసం కొట్లాడారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది. దొంగల జాబితాలో రాయడానికి దొరికిన మా పేర్లు బియ్యం జాబితాలో రాయడానికి ఎందుకు దొరకవు?

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయేది పిల్లలు. తుఫాను తర్వాత తిండికి అప్పు చేస్తాం. ఆ అప్పు తీర్చడానికి తల్లిదండ్రులు దూరం గుంటలకు కాపలా పోతారు. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల వెంట పోతుంది. సంస్థ ఇచ్చిన పలక గుడిసెలో ఉంటుంది, పిల్ల గుంట గట్టు మీద ఉంటుంది. పలక ఇచ్చిన రోజున ఫొటో తీశారు. పిల్ల బడి మానిన రోజున ఎవరూ రాలేదు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. అప్పు కట్టేసిన కుటుంబాన్ని ఆ చట్టం కింద విడిపించడం కూడా సాయమే. పిల్లకు పలక కన్నా పెద్ద సాయం అదే.

సునామీ వచ్చిన మరుసటి ఏడే, 2005లో, విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. పరిహారంలో, సాయంలో కులం, తెగ, పుట్టుక, మతం, ఆడ మగ తేడా చూపకూడదని దాని 61వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్ నంబరు మన పిల్లలందరికీ ఎక్కాల్లాగా నోటికి రావాలి.

సాయం చేయాలని వచ్చే సంస్థలకు మా మాట ఇది. జాబితా రాశాక మా కాలనీలో అందరి ముందూ గట్టిగా చదవండి. కూలి నష్టాన్ని కూడా నష్టంగా రాయండి. బియ్యంతో పాటు కులపత్రం, రేషన్ కార్డు వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ మాతో తిరగండి. చేర్పించిన పిల్ల ఏడాది చదువు పూర్తి చేసేదాకా ఉండండి. అంత ఓపిక లేకపోతే ఫొటోలు తీయకండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మేష్టర్లూ! 1989 నవంబర్‌లో కావలి దగ్గర తుఫాను, 2015 నవంబర్‌లో వాన, 2021 నవంబర్‌లో పెన్నా వరద. మన తీరానికి గండం ఏ నెలల్లో వస్తుందో మనకు తెలుసు. వానలకు ముందే ఒక నోటు పుస్తకం తీసుకోండి. ప్రతి గుడిసె, ప్రతి పేరు, చేసే పని, ఉన్న కాగితం, లేని కాగితం, పిల్లలు చదివే తరగతి రాయండి. ఒక నకలు బడిలో, ఒకటి గ్రామ సచివాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రేపు ఎవరైనా వచ్చి 'ఇక్కడ ఎంతమంది ఉన్నారు' అని ఊరి పెద్దను అడిగితే, జవాబు మన చేతిలో ఉండాలి.