నిప్పుకి దగ్గరగా

మొన్న పక్కింటి అబ్బాయి వచ్చాడు. ఐటీఐలో వెల్డర్ ట్రేడు చదువుతున్నాడు. చొక్కా నిండా చిల్లులు. ‘బాబాయ్, నేను మానేస్తాను. ఆ ఓవర్‌హెడ్ వెల్డింగ్ నావల్ల కాదు’ అన్నాడు. వెనకే వాళ్లమ్మ. ‘మీరైనా చెప్పండి అన్నయ్యగారూ’ అన్నట్టు చూస్తోంది. నాకు నవ్వొచ్చింది. ముప్ఫయ్యేళ్ల కిందట నా చొక్కా కూడా అచ్చం అలాగే ఉండేది మరి!

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ప్లేటు బల్లమీద ఉంటే అతకడం తేలిక. కరిగిన ఇనుము పోసినచోటే ఉంటుంది. అదే ప్లేటు నెత్తిమీద ఉంటే, కింద నిలబడి పైకి చూస్తూ అతకాలి. అదే ఓవర్‌హెడ్. శ్లాబుకి అడుగున సిమెంటు పూసే మేస్త్రీని చూసే ఉంటారు. కొట్టినదాంట్లో కొంత ఆయన మొహంమీదే పడుతుంది. ఇక్కడ పడేది కరిగిన ఇనుము! ప్లేటుని తిప్పి పెట్టుకోవచ్చుగా అంటారేమో. ఓడ అడుగునీ, వంతెన దూలాన్నీ ఎవరు తిప్పగలరు చెప్పండి?

నాకు మిగతావన్నీ తొందరగానే పట్టుబడ్డాయి. క్లాసులో నా అంతటివాడు లేడనుకునేవాణ్ని. ఓవర్‌హెడ్ మొదలయ్యాక ఆ గర్వం రెండు రోజుల్లో దిగిపోయింది. రాడ్ అంటించడం ఆలస్యం, బొట్లుబొట్లుగా రాలేది. కాలర్లోకి, గ్లవ్సులోకి, బూట్లోకి. భుజాలు లాగేసేవి. ప్లేటు చూస్తే కందిరీగ గూళ్లలా ముద్దలు. పక్కవాడికి వారంలో వచ్చేసింది. నాకు మూడు వారాలైనా రాలేదు. ట్రేడ్ టెస్టు దగ్గరపడుతోంది. ఇంట్లో నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు. ఒకరోజు కోపం పట్టలేక హోల్డర్ విసిరికొట్టాను. ‘కరిగింది కిందకే పడుతుంది సార్. ఇది అయ్యే పని కాదు’ అన్నాను.

మాస్టారు తిట్టలేదు. స్విచ్చి కట్టేసి, ‘మంచినీళ్లు తాగి, ఓ పావుగంట చెట్టుకింద కూర్చుని రారా’ అన్నారు.

వచ్చాక నా చేతికి షీల్డ్ ఇచ్చి, తను వెల్డింగ్ చేస్తూ ‘మంట వైపు కాదు, నా చెయ్యి చూడు’ అన్నారు. రాడ్ కొస ప్లేటుకి దాదాపు ఆనుకునే కదులుతోంది. ‘రవ్వ పడగానే నువ్వు చెయ్యి కిందకి లాక్కుంటున్నావు. ఎడం పెరిగితే ఇనుము అంటుకోదు, రాలుతుంది. రాలితే ఇంకా భయం. భయమేస్తే చెయ్యి ఇంకా దూరం. తప్పు ఇనుముది కాదురా. దగ్గరికి వెళ్లు’ అన్నారు.

వాన వెలిశాక చూరు కొసన చిన్న చినుకు ఎంతసేపైనా వేలాడుతుంది. పెద్దదైతే రాలిపోతుంది. ఇదీ అంతే. ఎడం తక్కువగా ఉండాలి, కరిగిన మడుగు చిన్నదిగా ఉండాలి. 120 ఆంపియర్లున్న కరెంటుని 105కి తగ్గించాను. కేబుల్ బరువు చేతిమీద పడకుండా భుజంమీదుగా వేసుకున్నాను. బొట్లు మీద పడకుండా ప్లేటుకి సరిగ్గా కింద కాక కాస్త పక్కకి నిలబడ్డాను. మంట వెలిగించకుండానే ఉత్త రాడ్‌తో గీతవెంట పదిసార్లు చెయ్యి ఆడించాను. మాస్టారు రాడ్ పెట్టె చూపించి, ‘6013లో మూడో అంకె 1 అంటే ఏ పొజిషన్‌లోనైనా పనికొస్తుందని. రాడ్‌కి లేని భయం నీకెందుకు?’ అన్నారు.

ఆ రోజునుంచి ప్లేటంతా బాగా రావాలనుకోవడం మానేశాను. రోజుకి ఒక్క అంగుళం చాలు. ప్రతి ప్లేటుమీదా సుద్దతో తేదీ రాసి దాచేవాణ్ని. పక్కవాడి ప్లేటుతో కాదు, కిందటి వారం నా ప్లేటుతో పోల్చుకునేవాణ్ని. ఓ సాయంత్రం సుత్తితో తట్టగానే పైనున్న స్లాగ్ ఒకే పట్టీగా ఊడొచ్చింది. కింద ఇనుము అలలు అలలుగా మెరుస్తోంది. ఆ రోజు తిన్న అన్నం రుచి ఇప్పటికీ గుర్తే. టెస్టులో ఫస్టు రాలేదు. కానీ పాసయ్యాను. ఆ పనే ఇన్నేళ్లూ మాకు అన్నం పెట్టింది.

ఇదంతా అబ్బాయికి చెప్పాను. నైలాన్ చొక్కా వద్దు, మందపాటి నూలు చొక్కా వేసుకుని, పైన తోలు జాకెట్ తొడిగి, మెడదాకా గుండీలు పెట్టుకోమన్నాను. ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

పన్నెండు రోజుల తర్వాత పేపర్లో చుట్టుకుని ఓ ప్లేటు తెచ్చాడు. మూడంగుళాలు ముద్దలే. చివరి అంగుళం మాత్రం నున్నగా, తీరుగా ఉంది. ఆ అంగుళంమీద వేలు పెట్టి చూపించాడు.

గుమ్మంలోంచి వాళ్లమ్మ అంది... ‘వాళ్ల నాన్న పాత నూలు చొక్కాలు ఇంకో రెండు తీసి పెట్టానండీ!’