యోగ్యతాపత్రము: దాని వెల, దాని విలువ

కడప జిల్లా పోరుమామిళ్లలో నొక చెఱువు శాసనము గలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట చెఱువు కట్టించి, 1369వ సంవత్సరమున ఆ వృత్తాంతమును సంస్కృత శ్లోకములలో చెక్కించెను. వంశము, దానము, కీర్తి యనునవి శాసనములన్నింట నుండునవే. ఇందలి విశేషమేమనగా, మంచి చెఱువునకు వలసిన సాధనములు పండ్రెండును, దానిని చెఱచు దోషములు ఆఱును ఇందు లెక్కించి చెప్పబడినవి. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లకు పని ముగిసినదనియు గలదు.

ఆ పండ్రెండింటిలో మొదటిది ధర్మపరుడగు రాజు. రెండవది జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు. కడపటిది కట్టుపనిలో నేర్పరులగు జనుల సమూహము. నడుమ మట్టి, నది, కొండ, రాయి వచ్చును. దోషములలో నొకటి నాకు మిక్కిలి నచ్చినది: చెఱువు రెండు రాజ్యముల పొలిమేరయం దుండుట. మట్టి మంచిదైనను, రాయి మంచిదైనను, ఇద్దఱు యజమానుల నడుమ బడిన పని నిలువదని ఆఱువందల యేండ్లనాడే మనవా రెఱుగుదురు. అత్తగా రొకటియు, ఆడబిడ్డ యొకటియు చెప్పు నింట కోడలికి ఈ దోషమును వ్యాఖ్యానింప నక్కఱలేదు.

అయితే, జలశాస్త్ర మెఱిగినవాడని యొకనిని రాజు ఎట్లు గుర్తించెనో శాసనము చెప్పలేదు. ఆ కాలమున గురువు పేరు, కులవృత్తి, అంతకుముం దతడు కట్టిన చెఱువు, ఇవియే సాక్ష్యములై యుండును. అర్థశాస్త్రమున కౌటిల్యుడు అమాత్యులను ధర్మార్థకామభయములను నాలుగు ఉపధలచే పరీక్షింపుమనెను గాని, అవి నడవడికి పరీక్షలు; నేర్పునకు గావు. శాస్త్ర మెఱుగనివాడు శాస్త్ర మెఱిగినవానిని పోల్చుకొనుట యెట్లు? మన బిడ్డలు బెంగుళూరునకు పోయి, తండ్రి పేరుగాని తాత పేరుగాని యెఱుగనివారి యెదుట కూర్చుండి యుద్యోగ మడుగునప్పు డెదురగు ప్రశ్నయు నిదియే. ఈ నెల నేను వ్రాయదలచిన యోగ్యతాపత్రము ఆ ప్రశ్న నుండియే పుట్టినది.

ప్రాజెక్టు మేనేజరనగా నెవరు? గోడ కట్టువాడు తాపీపనివాడు, వానిపై మేస్త్రీ. గోడ, తలుపు, కప్పు, డబ్బు, పంచాయతీ యనుమతి, రాబోవు వాన, వీని నన్నింటిని ఒక్క లెక్కలో నుంచుకొని, చెప్పిన నాటికి తాళపుచెవి చేతిలో పెట్టవలసినవాడు ప్రాజెక్టు మేనేజరు. ప్రాజెక్టనగా మొదలును తుదియు గల పని. దినదినము చేయు వంట ప్రాజెక్టు గాదు, పెండ్లి ప్రాజెక్టు.

పెండ్లి మాట వచ్చినది గావున దానితోనే చెప్పెదను. లగ్నము కదలదు. ఓళిగలకు పూర్ణము ముందటి రేయి సిద్ధము గావలయును. అందుకు బెల్లము రావలయును. బెల్లము తెచ్చు మరిదియే పందిటి వాసములును తేవలసియున్నచో, అతని యొక్క బండి యాలస్యము విందును పందిరిని రెంటిని చెఱచును. పూలు ఒక గడియ యాలస్యమైనను లగ్నము చెడదు. పురోహితుడు రానిచో చెడును. ఏ పని యాలస్యమైన మొత్తము పని యాలస్యమగునో, ఏది కొంత జరిగినను బాధలేదో వేఱుపఱచి చూచుట యీ విద్యకు మూలము. 1957వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు తమ రసాయన కర్మాగారముల పనికై దీనిని గణితముగా కూర్చిరి. 1958లో అచ్చటి నౌకాసైన్యము పొలారిస్ క్షిపణుల నిర్మాణమునకు ఇట్టిదే మఱియొక పద్ధతిని వాడెను. పది పెండ్లిండ్లు నడిపిన మన మేనత్తలకు గణితము లేదు గాని, లెక్క యున్నది.

మన మెట్టనేలలో నీటిపరీవాహక పనులు చూచినవారికిది మఱింత తెలియును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు చోట నీటిని నిలుపుటకు గట్టుమీద మొదట రాతికట్టలు, కందకములు వేసి, క్రమముగా క్రిందికి దిగి, కడపట పల్లములో చెక్‌డ్యాము కట్టవలయును. తారుమారు చేసి, కంటికి కనబడునని పల్లములోని కట్టనే ముందు ముగించినచో, పైనుండి వచ్చు ఒండ్రుమట్టి దానిని పూడ్చివేయును. రాయి అదే, సిమెంటు అదే, కూలి యదే; వరుస తప్పినందున పని వృథా. ఆ వరుసను కాపాడుటయే నడపువాని నేర్పు.

ఇక పత్రము సంగతి. ప్రాజెక్టు మేనేజిమెంటు ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ 1969లో అమెరికాలో స్థాపింపబడెను. (విన్సెంటు ఫెర్రరుగారు మన యనంతపురమునకు వచ్చినదియు ఆ యేడే.) ఆ సంస్థ 1984లో మొదటిసారి పి.ఎం.పి. యను పరీక్షను జరిపినది. ఇది పుస్తకము చదివి వ్రాయు పరీక్ష మాత్రమే కాదు. నాలుగేండ్ల పట్టము గలవారు కనీసము 36 నెలలు పనులను నడిపియుండవలయును. పట్టము లేక ఉన్నతపాఠశాల చదువుతో నిలిచినవారు 60 నెలలు నడిపియుండవలయును. దానికి తోడు 35 గంటల శిక్షణ. 2021లో మార్చిన పద్ధతిలో 230 నిమిషములలో 180 ప్రశ్నలకు జవాబు వ్రాయవలసియుండెను. ఉత్తీర్ణులైన పిదపను, మూడేండ్ల కొకసారి 60 ప్రమాణముల నూతనాభ్యాసము చూపినగాని పత్రము నిలువదు. అనుభవము లేని పిల్లలకు సి.ఏ.పి.ఎం. అను చిన్న పరీక్ష వేఱుగా గలదు. ఆంగ్లదేశమున 1996లో వెలువడిన ప్రిన్స్‌టూ అను పద్ధతికిని పరీక్షలున్నవి.

ఇది లైసెన్సు కాదని సోదరీమణులు గమనింపవలయును. వైద్యునకు, న్యాయవాదికి పత్రము లేక వృత్తి లేదు. మా వారు బడిలో పాఠము చెప్పవలెనన్న శిక్షణపత్రముండవలయుననుట ప్రభుత్వ నియమము. ప్రాజెక్టు నడుపుటకు మన దేశమున అట్టి చట్టము లేదు. పత్రము లేనివారును నడుపుచునే యున్నారు. చట్టము విధింపని పత్రమునకు డబ్బు పోయుట యేల యని పెద్దలడుగుట న్యాయమే.

కదిరి ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరములో నున్నదియు నిదియే. ఆమె కుమారుడును కోడలును బెంగుళూరులో నొకే తీరు పనివారు. కుమారుడు పెద్ద కంపెనీలో ఏడేండ్లుగా నున్నాడు. కోడలు వేఱొక చిన్న సంస్థలో ఐదేండ్లు పనులు నడిపి, బిడ్డ పుట్టగా మానుకొని రెండేండ్లయినది. ఇద్దఱును పరీక్ష వ్రాయగోరుచున్నారు. రుసుమే కొన్ని పదులవేల రూపాయలు, శిక్షణకు వేఱు. ఈ యేడు వేరుశనగ యిచ్చిన దొక్కరికి మాత్రము చాలును. “ఉద్యోగములో నున్నవానికి పెట్టుట బుద్ధి గదా, ఇంట కూర్చున్నదానికి పత్రమెందులకు?” అని యామె యడిగినది.

నా యుత్తరము: కోడలికి పెట్టుడు.

కారణము చెప్పుటకు మన జిల్లాలోని యొక పెద్ద పనిని తలచెదను. 1995, 1996 సంవత్సరములలో పుట్టపర్తి సత్యసాయి సంస్థ మన జిల్లాలోని 731 గ్రామములకు త్రాగునీరిచ్చు పథకమును చేపట్టగా, లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ దానిని కట్టినది. ఇంచుమించు ఏడాదిన్నరలో నంతటి పని జరిగినది. అందు గొట్టములు వేయించిన యింజనీర్లను పత్రము చూపుమని పల్లెలలో నెవ్వ రడుగుదురు? కంపెనీ పేరే వారికి పత్రము. కుళాయిలోని నీరే సాక్ష్యము. కుమారుని స్థితియు నట్టిదే. అతని నేర్పు నెఱిగినవా రతని ప్రక్కబల్లయొద్దనే యున్నారు. పత్రము వచ్చిన నతనికి మేలే. రాకున్నను పూట గడచును. కోడలో? సంస్థను విడిచిననాడే సంస్థ పేరును విడిచినది. ఆమె నడిపిన పనులు ఆమె కన్నులలో నున్నవి గాని, క్రొత్తగా నుద్యోగమిచ్చువాని కన్నులలో లేవు. అతనికి కనబడునది రెండేండ్ల ఖాళీ యొక్కటే. ఆ ఖాళీ యెదుట, బయటివా రెవరో పరీక్షించి యిచ్చిన కాగితము మాటాడును. ఎవరి నేర్పునకు సాక్షులు లేరో వారికే పత్రము ఎక్కువ విలువ.

మఱియొకటి గలదు. ఆ సంస్థవారు ఇటీవలి కొన్ని సంవత్సరములలోని యనుభవమునే లెక్కింతురు. మిక్కిలి పాతదానిని లెక్కింపరు. కుమారుని యనుభవము దినదినము పెరుగుచున్నది, అతడు వచ్చు నేడు వ్రాయవచ్చును. కోడలి యనుభవము పదును పోవుచున్న నేలవంటిది. ఆఱిన పిమ్మట గొఱ్ఱు తోలిన లాభమేమి? ఆమె విషయమున జాగు చేయుట యనగా, ఐదేండ్ల కష్టమును ఊరక చెల్లని నాణెముగా జేయుట.

ఇంతమాత్రాన పత్రమే నేర్పని నేను చెప్పుట లేదు. పరీక్షలో నెగ్గి, పదిమంది కూలీలతో పెదవి విప్పలేనివా రుందురు. ఇటీవల పట్టము పుచ్చుకొని యొకదినమైనను పని నడుపని పిల్లలను, పెద్ద పత్రమిప్పింతుమని పిలిచి రుసుము గుంజు శిక్షణశాలలు నగరములలో లేకపోలేదు. అట్టి పిల్లలకు పి.ఎం.పి. అర్హతయే యుండదు గదా! అప్పుడే చదువు ముగించినవానికై గాజులు కుదువబెట్టవలదు. వాడు రెండు మూడేండ్లు ఎండలో నిలిచి పనిచేయవలయును.

పట్టణములకు పోని స్త్రీల మాట గూడ చెప్పవలసియున్నది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లెలోనే జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభింపబడెను. ఆ యేండ్లలో ఎన్ని యూళ్లలో నెందఱు స్త్రీలు గుంపులను కూర్చి, కొలతలు తీయించి, తగవులు తీర్చి చెఱువుల పూడిక తీయించిరో! మస్టరులో వారి పేరు దినకూలిగా నున్నది. పని నడిపినట్లు ఎందునను లేదు. పొదుపుసంఘములను నడిపినవారి స్థితియు నింతే. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస యోజనలో, బడిలో గాక పనిలో నేర్చుకొన్న విద్యను పరీక్షించి పత్రమిచ్చు నేర్పాటు చేసిరి. అది తాపీపని, కుట్టుపని మొదలగు వృత్తులకు. పదిమందిని నడపు నేర్పునకు పల్లెస్త్రీ భాషలో, పల్లెస్త్రీ యోపగల రుసుముతో పరీక్షించి పత్రమిచ్చువారు రావలయునని నా కోరిక. పి.ఎం.పి. రుసుము ఆమె యేడాది కూలిలో నెంత భాగమో లెక్కవేసి చూచిన, ఈ కోరిక యతిశయము గాదు.

అంతవఱకు చేయదగినది యొకటి గలదు. పి.ఎం.పి.కి వచ్చిన దరఖాస్తులలో కొన్నిటిని ఆ సంస్థవారు ఏరి తనిఖీ చేయుదురు. అప్పుడు, ఫలానా పనిని ఫలానా నెలనుండి ఫలానా నెలవఱకు ఈమె నడిపినదని ఆనాటి పై యధికారి ధ్రువపఱుపవలయును. ఉద్యోగము మానుకొనునప్పుడు స్త్రీలు తఱచుగా ఆఖరి జీతము పుచ్చుకొని, స్నేహితురాండ్ర కన్నీళ్లతో వీడ్కోలు పుచ్చుకొని వచ్చెదరు. కాగితము పుచ్చుకొని రారు. పని యేది, ఎంత సొమ్ముది, చేతిక్రింద నెందఱు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు తుద, ఎవరు సంతకము చేయగలరు, ఇవన్నియు జ్ఞాపకమున్నప్పుడే యొక పుస్తకములో వ్రాసియుంచవలయును. పొదుపుసంఘము నడుపు సోదరియు, చెఱువుపని నడుపు సోదరియు నిదే చేయవచ్చును; పంచాయతీ కార్యదర్శి సంతకమైనను సంతకమే.

కదిరి సోదరి రుసుము కట్టుటకు ముందు కోడలిచేత ఆమె పాత యధికారులకు ఉత్తరములు వ్రాయింపవలయును. చిన్న సంస్థలలో మనుష్యులు నిలువరు. ఐదేండ్ల పనికి ముగ్గురు నలుగురైన నుందురు. వారిలో నొకరు హైదరాబాదునకో, మఱియొకరు సముద్రము దాటియో పోయియున్నచో, చిరునామా వెదకుటకే మాసము పట్టును. ఆ మాసములో శిక్షణ పాఠములు సగము ముగియును. బిడ్డను సాయంకాలము రెండు గడియలు నాయనమ్మ యెత్తుకొన్నచో తక్కిన సగమును ముగియును.