జారుడు తలుపు మన కేల?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటికి తలుపు మార్చి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ కాలమున తలుపు మార్చవలసిన యవసరము రెండు మూడు తరముల కొకసారి గాని కలిగెడిది కాదు కాబోలు. మాకు పదునైదేండ్లలో రెండు మారులు కలిగినది.

ఇట్టి సంచికలలో భాషను గూర్చియు, కావ్యములను గూర్చియు వ్రాయువారు పెక్కుమంది గలరు. మెట్రిక్ వరకు చదివి, ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తా పని చేసి విరమించిన మేము తలుపును గూర్చి వ్రాయుచున్నాము. ఇది సంస్కృతికి సంబంధించిన విషయము కాదని యెవరైన ననుకొన్నచో, తుదివరకు చదివిన పిమ్మట తీర్పు చెప్పుదురు గాక.

మా నివాసము బ్రహ్మపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు ఈ పట్టణము మద్రాసు రాజధాని నుండి అందు చేరినది. మా తాతగారి యిల్లు ఉన్నచోటనే యున్నది. సరిహద్దు మాత్రము మారినది. గోపాలపురము సముద్రతీరము మా కించుమించు 15 కిలోమీటర్ల దూరము. ఇంటి ముందు వీధి యిరుకు. వెనుక వసారా, దానిని దాటిన పెరడు, పెరటి వెనుక బండి రాదగిన సందు గలవు. వసారాకును పెరటికిని నడుమ తాతగారు పెట్టించిన రెండు రెక్కల కఱ్ఱతలుపు ఉండెడిది. వెడల్పు నాలుగడుగులు. రెండు రెక్కలు తెరచినచో నాలుగడుగుల దారియు మనదే.

2009లో మా కుమారుడు, ‘నాన్నగారూ, ఇంకను ఈ చీకటి తలుపేమిటి?’ అని, దానిని పెరికించి, గోడ పగులగొట్టించి, ఆరడుగుల వెడల్పున అల్యూమినియము చట్రమునకు అద్దములు బిగించిన జారుడు తలుపు పెట్టించెను. చూచినవారందరు మెచ్చిరి. మేమును మెచ్చితిమి; ఆ దోషము దాచుకొనము. కాని జారుడు తలుపులో ఒక రెక్క రెండవ రెక్క వెనుకకు పోవును గాని గోడలోనికి పోదు. కావున ఆరడుగుల తలుపు తెరచినచో దక్కు దారి మూడడుగులకు లోపు. నాలుగడుగుల దారి యిచ్చి, గోడ యిచ్చి, ధన మిచ్చి, మేము మూడడుగులకు తక్కువైన దారి కొనుక్కొంటిమి. జమాఖర్చులు చూచుటయే వృత్తిగా గల మాకు ఈ లెక్క నాలుగేండ్ల వరకు తోచలేదు.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది. గాలివేగము గంటకు సుమారు 200 కిలోమీటర్లు. 1999 అక్టోబరు నడుమ గోపాలపురము చెంతనే దాటిన తుపానును పాత కఱ్ఱతలుపు అడ్డగడియతో కాచినది. అద్దాల తలుపు ఫైలిన్‌ను కాయలేదు. ముందుగా అడుగు పట్టాలో నీరు నిండి వసారాలోనికి పొర్లినది. పిమ్మట రెక్కలు పట్టాలో నెగిరి నెగిరి కొట్టుకొన్నవి. అర్ధరాత్రి దాటకముందే ఒక యద్దము పగిలి, కత్తులవంటి ముక్కలు మా తల్లిగారి మంచముపై పడినవి. అంతకు గంట ముందే మా యింటిది ఆమెను ముందు గదిలోనికి తీసికొనిపోయియుండెను. ఆ గంట యే మా అదృష్టము.

అయినను అద్దము మార్పించితిమి గాని తలుపు మార్పించలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ వచ్చినపుడు మరల వసారా నిండ నీరు. 2021లో మా తల్లిగారు వసారాలో జారిపడి తొడయెముక విరుగగొట్టుకొనిరి. బండి వెనుకసందులోనికి వచ్చినది. దుమ్ము చేరి చక్రములరిగిన రెక్క సగము తెరచుకొని బిగిసిపోయినది. ఆమె మంచ మా సందులో పట్టలేదు. పొరుగింటి ఒడియా కుఱ్ఱవాడు వచ్చి, రెక్క నడుగునుండి పైకెత్తి పట్టాలోనుండి ఊడదీసి ప్రక్కన బెట్టువరకు ఇరువది నిమిషములు పట్టినది. ఆమె మూలుగును వినుచు మేము నిలుచుంటిమి. తరువాత మాకు రెండవ భయము పట్టుకొన్నది: ఆ మంచి కుఱ్ఱవాడు ఎత్తగలిగిన రెక్కను దొంగ యెత్తలేడా? పై పట్టాలో రెక్క లేవకుండ ఆపు దిమ్మెలు బిగింపనిచో తాళమున్నను లేనట్లే యని పనివాడు అప్పుడు చెప్పెను. అమ్మునపుడు చెప్పలేదు. పైన పటారము, లోన లొటారము అనిన సామెత మా యింటనే ఋజువైనది.

ఆ తలుపును మార్చుటకు 2024లో నిశ్చయించితిమి. ఈ సంగతి విని మా మిత్రులొకరు మమ్ము పరిహసించిరి. ‘లోకమంతయు జారుడు తలుపులు పెట్టుకొనుచుండగా మీరు వెనుకకు నడచెదరా? మరింత మంచిది, ఖరీదైనది పెట్టించరాదా?’ అనిరి. వారి వాదములు నాలుగు. నలుగురును చెప్పుచున్నవే గనుక, వానికి సమాధానము లిక్కడ వ్రాయుచున్నాము.

మొదటి వాదము: జారుడు తలుపు స్థలము మిగుల్చును. ఎచ్చట మిగుల్చును? రెక్క లోనికి తెరచుకొన్నచో గదిలో చోటు పోవును, నిజమే. పెరటివైపు తెరచుకొనునట్లు బిగించినచో పోవున దేమి? పెరటిలో మూడడుగుల గాలి. మేడమీద నాలుగడుగుల బాల్కనీ మాత్రమే గలవారికి రెక్క తిరుగుటకు చోటుండదు; వారు జారుడు తలుపే పెట్టుకొందురు గాక, మాకు వారితో తగవు లేదు. పెరడున్నవాడు బాల్కనీవాని తలుపు పెట్టుకొనుటయే మా తగవు.

రెండవ వాదము: వెలుతురు వచ్చును. వెలుతురు వచ్చునది అద్దమువలన, జారుటవలన కాదు. బందులమీద తిరుగు రెక్కకును అద్దము బిగింపవచ్చును. అద్దములందు భేదము గలదు. మామూలు అద్దము పగిలినచో వాడి ముక్కలగును. కాల్చి గట్టిపరచిన టఫెన్డ్ అద్దము చిన్న పలుకులుగా రాలును గాని పగిలిన పిమ్మట ద్వారము బోసిపోవును. రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర గల లామినేటెడ్ అద్దము పగిలినను ముక్కలు ఆ పొరనంటియుండును. తుపాను దారిలో నున్నవారు ఈ మూడవదానిని అడుగవలెను. మాకు మూడు కొటేషన్లు వచ్చినవి; ఏ యొక్కదానిలోను అద్దము జాతి వ్రాయబడలేదు. తలుపు తెరచిన తరువాత దక్కు వెడల్పును ఎవరును వ్రాయలేదు. రంగు పేరు మాత్రము మూడింటిలోను గలదు.

మూడవ వాదము: గాలి వాన లాగును. లాగదని మా వసారా సాక్ష్యము. తిరుగు రెక్క మూసికొన్నపుడు చట్రము నదుముకొని రబ్బరు పట్టీపై బిగియును. జారు రెక్క జారవలెనన్న కొంత వదులుండక తప్పదు. ఆ వదులును కుచ్చుపట్టీతో కప్పుదురు. అడుగు పట్టాలో చేరిన నీరు పోవుటకు చిన్న రంధ్రములుండును. అవి దుమ్ముతో పూడినచో నీరు ఇంటిలోనికే వచ్చును. వెలుపలికి తెరచుకొను రెక్కను ఎదురుగాలి చట్రమునకే నొక్కును. అయితే బందులు వెలుపల నుండును గనుక, మేకు ఊడదీయ వీలులేని బందులే కొనవలెను; ఉప్పుగాలి తగులుచోట అవి తుప్పుపట్టని ఉక్కువి కావలెను. రెండు రెక్కలకును పైన ఉత్తరాశిలోనికిని, క్రింద గడపలోనికిని దిగు గడియ లుండవలెను. చట్రము గోడలోనికి బోల్టులతో బిగింపబడవలెను. నురుగు పూసి నిలిపిన చట్రము గాలికి నిలువదు.

నాలుగవ వాదము: ఇది కొత్త కాలము. జారుడు తలుపు కొత్తదని యెవరు చెప్పిరి? జపాను దేశమువారు శతాబ్దములుగా జారు తలుపులతో కాపురము చేసినారు. అవి తేలికైన కఱ్ఱకు కాగితము అంటించినవి. వారి యింటికిని, వారి కూర్చుండు పద్ధతికిని తగినట్లు వారే చేసికొన్నవి. వారు తమ యింటిని చూచి తలుపు చేసికొనిరి. మనము తలుపు బొమ్మను చూచి యింటిని పగులగొట్టుచున్నాము.

ఇంతమాత్రమున పాతదంతయు బంగారమని మేమనము. మా పక్షమున చేరి ‘టేకు తప్ప తలుపు కాదు’ అను పెద్దలకును ఒక మాట చెప్పవలసియున్నది. కఱ్ఱ వానకాలమున ఉబ్బును, చెద పట్టును, ఏటేట రంగు కోరును. పీవీసీ చట్రమునకు ఈ బాధలు లేవు. లోపల ఉక్కుపట్టీ ఉన్నదో లేదో చూచి తీసికొన్నచో అదియు మంచిదే. మడతలు పడు తలుపు దారి యంతయు విప్పును గాని, ఎన్ని మడతలో అన్ని బందులు. ఎన్ని బందులో అన్ని మరమ్మతులు. గడప యెత్తుగా నున్నచో నీ రాగును, కాని ముసలివారి కాలు తట్టుకొనును. మేము పెట్టించినది అంగుళము గడప. దానికి వెలుపల వాలు.

గడప యని వ్రాయగనే మా యింటిదాని మాట జ్ఞాపకము వచ్చుచున్నది. పదునైదేండ్లు ఆమె పెరటి ద్వారమునకు పసుపు రాయలేదు. ‘కాలువకు పసుపు రాతునా?’ అని ఒకే మాట. అడుగున పట్టా గలదు, గడప లేదు. పైన తోరణము కట్టుటకు మేకు దిగదు. మేము నవ్వితిమి, ఆమె నవ్వలేదు.

ఇంకొక నష్టము గలదు. దానిని ఏ కొటేషనును చూపదు. మా చిన్నతనమున ఆ పాత గడపమీదనే మా తల్లిగారును, పొరుగింటి ఒడియా తల్లియు కూర్చుండి కూరలు తరుగుకొనెడివారు. మన కవాటము వారి కబాటొ, మన ద్వారము వారి దువారొ అని మేము నేర్చినది బడిలో కాదు, ఆ గడపమీదనే. వారి పిల్లలు తెలుగు లెక్కలు చెప్పినదియు అక్కడనే. అద్దాల తలుపు వచ్చిన పిమ్మట లోపలిది వెలుపలికి కనబడునని తెర కట్టితిమి. తెర యున్నదని తలుపు మూసితిమి. మూసిన తలుపు బిగిసికొనుచున్నదని తెరచుట మానితిమి. పొరుగింటి తల్లి ఒకటి రెండుసార్లు అద్దముపై తట్టి, ముందువీధి చుట్టి వచ్చుటకు కాళ్లు లేక, రాక మానెను. పరాయి రాష్ట్రమున మూడు తరములు మనము నిలిచినది పెరటి తలుపు తెరచియుండుటవలననే యని మా నమ్మకము. అది మూసికొన్నచో మిగులునది ఏటికొక సభ, ఇట్టి సంచిక.

కావున చదువరులకు మా విన్నపము. తలుపు కొనుటకు ముందు ద్వారమును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటె తక్కువ కొలతనే వ్రాసికొనుడు. మూలనుండి మూలకు రెండువైపుల కొలువుడు. రెండును సమము కానిచో గోడ ముందు సరిచేయింపుడు. తరువాత అంగడివానిని మూడు ప్రశ్న లడుగుడు: తెరచిన పిమ్మట దారి యెంత? అద్దము పగిలినచో ఏమగును? చక్రమో బందో చెడినచో మన యూరిలోనే దొరకునా? జవాబు వ్రాసి యిచ్చినచో కొనుడు. నవ్వి ఊరకున్నచో లేచి రండు.

మేము 2024 కార్తికమాసమునకు ముందే ఆ యారడుగులకును రెండు రెక్కల తలుపు పెట్టించితిమి. సగము కఱ్ఱ, సగము పొరగల అద్దము; వెలుపలికి తెరచుకొనును. ఇప్పుడు చక్రాలకుర్చీలో కూర్చున్న మా తల్లిగారు తామే పెరటిలోనికి పోగలుగుచున్నారు. మొదటి శుక్రవారము మా యింటిది గడపకు పసుపు రాసెను. పొరుగింటి తల్లి తన మనుమని చేయి పట్టుకొని వచ్చి, దానిని దాటకయే, గడపమీద కూర్చుండెను.