తాబేలుకి చలేస్తే...

తాబేలుకి చలేస్తుందా? వేస్తుంది. కాకపోతే మనలా వణికి ఒళ్లు వెచ్చబరచుకోవడం దానికి చేతకాదు. వేడి బయటి నుంచే తెచ్చుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఉండేలాంటి పొడి నేలలు, ముళ్లపొదలు నక్షత్ర తాబేలుకి బాగా సరిపడేది అందుకే. పొద్దున్నే ఎండలో డిప్ప కాచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటితే పొద కిందికి దూరుతుంది. తొలకరి పడిందా, ఇక దానికి పండగే!

నల్లటి డిప్ప మీద పసుప్పచ్చ నక్షత్రాలు. ఆ అందమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. దొంగచాటుగా విదేశాలకు తరలించి పెంపుడు జంతువుగా అమ్ముతారు. చలిదేశాల్లో దీన్ని పెంచేవాళ్లు ఓ లెక్క పాటిస్తారు. పగలు ఇరవై డిగ్రీలు దాటి, ఎండ ఉంటేనే పెరట్లోకి వదలాలి. రాత్రి పదిహేనుకు తగ్గేలా ఉంటే ఇంట్లోకి తెచ్చేయాలి. లేదంటే ముందు మేత మానేస్తుంది. తిన్నది అరగదు. ముక్కు కారుతుంది, బుడగలొస్తాయి. ఆనక న్యుమోనియా.

మధ్యధరా ప్రాంతపు తాబేళ్ల తీరు వేరు. అవి చలికాలమంతా నిద్రపోతాయి. అయిదు డిగ్రీల చల్లదనం కోసం వాటిని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. నిజమే! మన నక్షత్ర తాబేలుకి ఆ శీతనిద్ర లేదు. అలా పెడితే మళ్లీ లేవదు.

మన దగ్గర చలికన్నా నీళ్లతోనే దానికి ఎక్కువ ముప్పు. తాబేలనగానే తొట్టిలో నీళ్లు పోసి అందులో వేస్తారు. బావిలో వేస్తే నీళ్లు శుభ్రమవుతాయని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఇది నేలమీది జీవి, ఈత రాదు. మునిగి చచ్చిపోతుంది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని దాచుకునేవాళ్లకు కలిసొచ్చేది కేసే. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకున్నా, పెంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు.

పొలంలో కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వడమే మేలు. పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెచ్చేశారనుకోండి, కంగారు పడక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరుల్లో అటవీశాఖ కార్యాలయాలున్నాయి, కబురు చేస్తే చాలు. మనమే తీసుకెళ్లి ఎక్కడో అడవిలో వదలకూడదు, రోగాలు మిగతావాటికి అంటొచ్చు. సిబ్బంది వచ్చేదాకా అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి, ఏసీ లేని గదిలో నీడపట్టున ఉంచండి. లోతులేని మూకుట్లో కాసిని నీళ్లు పెడితే అదే తాగుతుంది.