లేని బల్ల, ఉన్న ఆట



పద్యాలూ, పదాల పుట్టుపూర్వోత్తరాలూ తప్ప వేరే ఊసెత్తని ఈ పంతులు ఆటల గూర్చి వ్రాయటమేమిటని మీరు ఆశ్చర్యపడవచ్చు. కారణం ఉన్నది. నా పూర్వవిద్యార్థి ఒకడు ప్రొద్దుటూరులో బంగారు వ్యాపారం చేసుకుంటున్నాడు. తాను చదివిన బడికి ఏదైనా చేయాలని వాడి కోరిక. క్రిందటి నెలలో మా ఇంటికి వచ్చి, "అయ్యవారూ, బడికి టేబుల్ టెన్నిస్ బల్ల కొనియ్యమంటారా, మీరు ఆడుకుంటున్నారే ఆ కళ్ళజోడు కొనియ్యమంటారా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేక ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచనే ఈ టపా.

వాడన్న కళ్ళజోడు సంగతి ముందు చెప్పాలి. ఏడాదిగా నేను వారానికి నాలుగు రోజులు, తెల్లవారి ఆరు గంటలకు, మా ముందుగదిలో లేని బల్ల ఎదుట నిలబడి లేని బంతిని కొడుతున్నాను. అప్పటికి డాలస్‌లో ముందురోజు సాయంత్రం. అక్కడ మా మనవడు ఆ బంతిని తిప్పికొడుతున్నాడు. దీన్ని వర్చువల్ రియాలిటీ అంటారు. సెలవులకు వచ్చిన మనవడు మెటా క్వెస్ట్ 3 అనే పరికరాన్ని నా తలకు తగిలించి పోయాడు. 2023లో వచ్చిన సరుకు. అరకిలో బరువుంటుంది. కుడికంటికొక దృశ్యమూ, ఎడమకంటికొక దృశ్యమూ వేరువేరుగా చూపుతుంది కనుక ముందున్నది ముందూ, వెనుకున్నది వెనుకా తోస్తుంది. ఆ దృశ్యాన్ని సెకనుకు 72 మొదలు 120 సార్ల దాకా మారుస్తుంది. బయటికి చూసే కెమెరాలు మన గదినీ, మన చేతిలోని ప్లాస్టిక్ పిడినీ ఎడతెగక గమనిస్తుంటాయి. ఆ పిడే మన బ్యాటు. ఆట పేరు ఇలెవెన్ టేబుల్ టెన్నిస్. 2016లో కంప్యూటర్లకూ, 2020లో తీగ అక్కరలేని ఈ రకం కళ్ళజోళ్ళకూ వచ్చింది.

బల్ల కొలతలు అసలువే. పొడవు 2.74 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు, వల ఎత్తు 15.25 సెంటీమీటర్లు. బంతి తగిలితే చేతిలోని పిడి చిన్నగా అదురుతుంది, చెవిలో టక్కుమంటుంది. కోసినట్టు కొడితే బంతి కోసినట్టే పోతుంది. నాలుగు దశాబ్దాలుగా నా మణికట్టు నేర్చుకున్నదేదీ అక్కడ వృథా కాలేదు. పైగా మా ప్రొద్దుటూరు ఎండాకాలానికి ఇందులో ఒక వెసులుబాటున్నది. అసలు ఆటలో బంతి బరువు 2.7 గ్రాములు. ఫ్యాను వేస్తే బంతి దారి తప్పుతుంది, ఆపితే ఆడేవాడి ప్రాణం దారి తప్పుతుంది. ఈ ఆటలో మాత్రం ఫ్యాను నిండుగా తిరుగుతుండగానే ఆడుకోవచ్చు.

ఇక అపాయం. మూడవనాడు ఆయాసం వచ్చి, అలవాటుకొద్దీ బల్లమీద చేయి ఆన్చి ఊపిరి తీసుకుందామనుకున్నాను. బల్ల లేదు కదా! మోచేతులమీద పడ్డాను. మయసభలో దుర్యోధనుని పాటు నాకు పట్టింది. ఆ ఘట్టంలో ద్రౌపది నవ్విందా లేదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. మా ఇంట్లో ఆ సందేహానికి తావు లేదు. మా ఆవిడ బాగా నవ్వింది. అప్పటినుండి నేను ఆడే చోట నిజమైన కుర్చీ ఒకటి వేసి ఉంచుతున్నది.

దీనికి తెలుగుమాట ఏమిటన్న ప్రశ్న మీలో కొందరికి ఈపాటికి వచ్చి ఉంటుంది. మిథ్యావాస్తవం అంటున్నారు కొందరు. మాట బాగున్నది గానీ, మిథ్య అంటే అబద్ధమని అనుకుంటేనే చిక్కు. అద్వైతులు మిథ్య అన్నది పూర్తిగా ఉన్నదని గానీ, బొత్తిగా లేదని గానీ చెప్పటానికి వీలుకాని దానిని. తాడులో తోచిన పాము లేనిదే, కానీ దాన్ని చూసి గుండె కొట్టుకోవటం ఉన్నదే. నా బల్ల ప్రాతిభాసికం. ఆట ముగిశాక చొక్కా పిండితే కారే చెమట మాత్రం ముమ్మాటికీ వ్యావహారికం. లేనిదాన్ని చూపించటం మోసమంటే మన కావ్యాలన్నీ మోసాలే కావాలి. మా ఊరి అగస్త్యేశ్వరస్వామి కోవెలలో ప్రదక్షిణలు చేస్తూ పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవం అల్లారని ప్రతీతి. ఆ పద్యాలు చదివేవాడి ఎదుట శివుడు ఆడుతున్నాడా లేదా? 1957లో విజయావారు మాయాబజారులో ప్రియదర్శిని అనే పెట్టె చూపించారు. నిర్మాత నాగిరెడ్డిగారు మా జిల్లా పొత్తిపాడువారే. పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనబడుతుంది. నా పెట్టెలో మా మనవడు కనబడుతున్నాడు. మొండెం లేని తల, బ్యాటు పట్టిన చేయి, అంతే. అయినా పాయింటు పోయినప్పుడు వాడు నాలుక చప్పరించే తీరు వాడిదే. ఫోనులో "బాగున్నావా తాతా" అన్న తరువాత మాట తోచని కుర్రవాడు ఈ ఆటలో అరగంట సేపు నాతో పోట్లాడుతున్నాడు. ఇంతకన్నా నాకు వాస్తవం ఏం కావాలి?

ఇది టేబుల్ టెన్నిసే కాదని కొట్టిపారేసే మిత్రులకు ఒక మాట. ఆ ఆట ఎప్పుడు మారకుండా ఉన్నది? 1952లో బొంబాయిలో ప్రపంచపోటీలు జరిగినప్పుడు జపాను దేశపు హిరోజీ సాటో స్పాంజి తొడిగిన బ్యాటుతో వచ్చాడు. బంతి తగిలితే చప్పుడు లేదు. దెబ్బ బలమెంతో చెవితో కూడా పసిగట్టే అలవాటున్న మహామహులు తికమకపడ్డారు. సాటో జగజ్జేత అయ్యాడు. ఇది ఆట కాదని అప్పుడూ అన్నవారున్నారు. 38 మిల్లీమీటర్ల బంతి 2000లో 40 అయింది. 21 పాయింట్ల గేము 2001లో 11కు దిగింది. సెల్యులాయిడ్ బంతి స్థానంలో 2014 నుండి ప్లాస్టిక్ బంతి వచ్చింది. ఇన్ని మార్పులను అరిగించుకున్న ఆట బల్ల మాయమైనంత మాత్రాన చచ్చిపోదు.

ఇంతవరకు చదివితే నేను కళ్ళజోడు పక్షమని తోస్తుంది. అట్లాగే ఉండేవాణ్ణి, నాకు జమ్మలమడుగు గుర్తుకు రాకపోతే.

1985 ప్రాంతంలో నేను జమ్మలమడుగులో తెలుగు పండితుణ్ణి. బడిలో టేబుల్ టెన్నిస్ బల్ల లేదు. సాయంత్రం గంట కొట్టాక ఉపాధ్యాయుల గదిలోని రెండు బల్లలు కలిపి, నడుమ హాజరుపట్టీలు నిలబెట్టి వల అనుకునేవాళ్ళం. మా డ్రిల్లు సారుదీ నాదీ జోడీ. ఆయనది పులివెందుల. ఉన్నది ఒకే బంతి. అది నొక్కుకుపోతే ఎదురుగా ఉన్న టీ అంగడిలో వేడినీళ్ళు అడిగి అందులో వేసేవాళ్ళం. నొక్కు మెల్లగా ఉబికి వచ్చేది. పగిలితే ప్రొద్దుటూరు పోయే పుణ్యాత్ముడెవరైనా కొత్తది తెచ్చేదాకా ఆట లేదు.

ఆ గదిలో మేము ఆడిన కాలం కన్నా బంతి వెతికిన కాలమే ఎక్కువేమో! బీరువా క్రిందికి, గుమ్మం బయటికి, ఒక్కొక్కసారి మెట్లమీదుగా వానకాలపు బురదలోకి. బంతి ఎవరి వైపు పడితే వారు వంగి తెచ్చి, చొక్కాకు తుడిచి, సర్వీసు చేయవలసినవాడికి అందేట్టు వేయాలి. అది నియమం కాదు, మర్యాద. ఓడిపోతూ కోపంగా ఉన్నవాడు కూడా ఎదుటివాడికి బంతి చక్కగా అందించాలి. మన పెద్దలు ఋణానుబంధం అన్నది ఇటువంటి చిన్న చిన్న అప్పులనే అని నా భావన. ఒక గేములో పదిసార్లు అప్పుపడతాం, పదిసార్లు తీర్చుకుంటాం.

కళ్ళజోడులో ఆ అప్పు లేదు. బంతి నేల మీద పడితే పడనీ, మీట నొక్కితే ఎడమచేతిలో కొత్త బంతి పుడుతుంది. వంగనక్కరలేదు, అందించనక్కరలేదు, ఎదురుచూడనక్కరలేదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో మన ఆచంట శరత్ కమల్, హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ మిశ్రమ జంటల స్వర్ణం గెలిచారు. జంటల ఆటలో నియమం ఏమంటే, జోడీలో ఒకరి తరువాత ఒకరు కొట్టాలి. అనగా కొట్టిన మరుక్షణం ప్రక్కకు తప్పుకొని రెండవవారికి చోటివ్వాలి. ఆలస్యమైతే భుజం భుజం తగులుతుంది. దేహం లేని లోకంలో తగిలేదేమున్నది? ఒకరిలోనుండి ఒకరు దూరిపోవచ్చు. తప్పుకోవటమనే విద్య అక్కడ అలవడదు.

కనుక బడికి బల్లే అని నిశ్చయించుకున్నాను. వంగటం లేని ఆట పిల్లలకు మర్యాద నేర్పదని గొప్పగా వాదన కూడా అల్లుకున్నాను. ఆ వాదన పులివెందులలో సగం కూలిపోయింది.

డ్రిల్లు సారు పదవీ విరమణ తరువాత స్వంత ఊరు చేరారు. మోకాళ్ళు రెండూ అరిగిపోయి, చేతికర్ర లేనిదే గడప దాటలేరు. కళ్ళజోడు సంచిలో పెట్టుకొని, ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్ళాను. చూడగానే ఆయన అన్నమాట: "ఏంది తెలుగయ్యోరూ, కళ్ళకు గంతలు కట్టుకోని ఆడేది ఆటనా?"

"ఒకసారి చూడండి సార్. కూర్చొనే ఆడవచ్చు" అన్నాను.

"మరి బంతి కింద పడితే ఎవురు తీసేది?"

"ఎవురూ తీయబల్లేదు సార్" అన్నాను ఆయన ధోరణిలోనే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "నా ఆట నిల్సిపోయింది కొట్టడం చాతగాక కాదయ్యోరూ. బంతి తీసుకోలేక. ఊరికూరికే పిల్లోళ్ళను తీయమని అడగాలంటే సిగ్గేసి మానుకుంటి."

నేను మర్యాద అనుకున్నది ఆయనకు సిగ్గయి కూర్చున్నదని నాకు అప్పటిదాకా తోచలేదు. అప్పు తీర్చగలవాడికే ఋణం అందం. తీర్చలేనివాడికి అది బరువు. వంగనక్కరలేకపోవటం లోపమని నేను వ్రాసుకున్నాను. ఆయనకు అదే వరం.

కూర్చొని ఆడటం కొత్తేమీ కాదు. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్సులో భవినా పటేల్ చక్రాల కుర్చీలో కూర్చొనే ఇదే ఆటలో రజతం తెచ్చింది. సారుకు కళ్ళజోడు తగిలించి, యంత్రం ఎదురాడే ఆట పెట్టి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకొని వెనుక నిలబడ్డాను. లేని బల్లమీదికి ఆయన వాలితే పట్టుకోవాలి కదా. మొదటి అయిదారు బంతులు తప్పాయి. తరువాత ఆ పాత బ్యాక్‌హ్యాండు బయటికి వచ్చింది. బంతి నాకు కనబడదు. ఆ చేయి తిరిగే తీరు చూసి అది ఎక్కడ పడిందో చెప్పగలిగాను.

ఒక పాయింటు పోయింది. సారు తల త్రిప్పకుండానే, నలభై ఏళ్ళనాటి గొంతుతో, "అయ్యోరూ, బంతీ!" అన్నారు.

నేను వంగాను.

నేలమీద ఏమీ లేదు. ఉండదని నాకంటే తెలిసినవాడెవడు? అయినా నడుము దానంతటదే వంగింది. సంగతి తెలిసి ఇద్దరమూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

తిరుగు బస్సులో నా శిష్యుడికి చెప్పవలసిన జవాబు స్థిరపడింది. బడికి బల్ల కొనిపెట్టు నాయనా. కళ్ళజోడు ఒకటి కొంటే ఒక పిల్లవాడు ఆడతాడు, నలభైమంది వాడి వీపు చూస్తూ నిలబడతారు. పదేళ్ళలోపు పిల్లలకు తయారీదారులే వద్దంటున్నారు కూడా. బల్ల ఒకటి వేస్తే ఇద్దరు ఆడతారు, ఒకడు లెక్క చెబుతాడు, ఇద్దరు బంతికోసం పరుగెత్తుతారు, మిగిలినవారు మా వంతెప్పుడని కొట్లాడతారు. ఆ కొట్లాట కూడా చదువే. మా సారుకూ నాకూ నడుము దానంతటదే వంగేటంత అలవాటు కళ్ళజోడు నేర్పినది కాదు, జమ్మలమడుగులో హాజరుపట్టీల వల నేర్పినది. ముందు అది ఉంటేనే తరువాత ఇది పండుతుంది.

ఇక కళ్ళజోడు మాబోటివాళ్ళకు. సముద్రాల అవతల మనవలున్నవారికి, మోకాళ్ళు మొరాయించినవారికి, ఆడాలని ఉండీ అడగటానికి సిగ్గుపడేవారికి. కలుసుకోగలిగినవారు బల్లదగ్గర కలుసుకోవాలి. కలుసుకోలేనివారిని మాయ అని వెక్కిరించకుండా ఆడుకోనివ్వాలి.

శిష్యుడికి ఈ మాటే చెప్పాను. బల్ల వస్తుందన్నాడు. బంతులు మాత్రం డజను కొనమన్నాను. టీ అంగడివాళ్ళను ఎన్నిసార్లని వేడినీళ్ళు అడుగుతారు?

మీలో ఎవరైనా ఈ ఆట ఆడి ఉంటే మీ అనుభవం వ్రాయండి. నా అభిప్రాయం తప్పని తోస్తే మొహమాటం లేకుండా చెప్పండి. ఇప్పటికే ఒకసారి మార్చుకున్నవాణ్ణి, మరొకసారి మార్చుకోవటానికి అభ్యంతరం లేదు.