ఊళ్లో పడుకునే బస్సు

ఖమ్మం బైపాస్ రోడ్డు మీది కొత్త బస్టాండులో సాయంత్రం ఏడు దాటింది. అడవి అంచు ఊరికి వెళ్లే పల్లెవెలుగు బస్సు మెట్టు దగ్గర ఒక పెద్దావిడ ఆగి ఉంది. చంకలో గుడ్డసంచి. అందులోంచి ఎక్స్‌రే కవరు సగం బయటికి తొంగిచూస్తోంది. బస్సు ఎన్నింటికి తీస్తారని ఆమె అడగలేదు. చార్జీ ఎంతని అడగాల్సిన పని 2023 డిసెంబరు 9 తర్వాత తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగులో లేనే లేదు. ఆమె అడిగింది ఇంకొకటి.

"రాత్రికి మా ఊళ్లెనే ఉంటదా బిడ్డా, ఎంటనే ఎనక్కొస్తదా?"

"ఉంటది పెద్దమ్మా. పొద్దున ఐదున్నరకు తీస్తం."

అప్పుడు ఎక్కింది. ఏన్కూరులో చుట్టాలింటికి పోయే పని ఉండి నేనూ అదే బస్సు ఎక్కాను. పక్కావిడతో ఆమె చెప్పుకుంటుంటే విన్నదేమిటంటే, మర్నాడు తొమ్మిదికల్లా మళ్లీ డాక్టరుకు చూపించుకోవాలట. బస్సు ఊళ్లో పడుకుంటే తానూ ఇంట్లో పడుకుని రావచ్చు. లేదంటే ఆస్పత్రి వరండాలోనో, బస్టాండు బల్ల మీదో తెల్లవార్చాలి. ఇంట్లో మేకలున్నాయి, కట్టేసేవాళ్లు లేరు.

ఆర్టీసీలో దీన్ని నైట్ హాల్ట్ అంటారు. ఊరివాళ్లకు అది రాత్రి బస్సు, అంతే. మహారాష్ట్ర పల్లెల్లో ముక్కామీ గాడీ అంటారు, మన మకాం అన్న మాటే. చీకటిపడ్డాక చివరి ట్రిప్పుగా ఊరు చేరి, పంచాయతీ ఆఫీసు పక్కనో చింతచెట్టు కిందనో ఆగి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా పట్నం వెళుతుంది. డ్రైవరు కిటికీ కడ్డీలకు దోమతెర కట్టుకుంటాడు. కండక్టరు లెక్క చూసుకుని డబ్బుసంచి తలకింద పెట్టుకుంటాడు. వానొస్తే అద్దాలు దించుకుని ఇద్దరూ లోపల ఉడికిపోతారు. ఎవరో ఒకరింటి నుంచి గిన్నెలో కూర వస్తుంది. తెల్లారి బోరింగు దగ్గర ముఖాలు కడుక్కుని బండి తీస్తే, ఆ ఇంజను చప్పుడుకే ఊరు లేస్తుంది. పాలక్యాన్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదా ఉన్నవాళ్లు, కాన్పుకు దగ్గరపడిన కోడలితో అత్తగారు, అందరికీ అదే బస్సు. చలికాలంలో సెల్ఫ్ అందుకోకపోతే దిగి తొయ్యడానికి కుర్రాళ్లు ఉండనే ఉన్నారు.

ఖమ్మం పెరుగుతోందంటే ఎవరూ ఈ బస్సును చూపించరు. చూపించడానికి పెద్దపెద్దవి చాలా ఉన్నాయి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి జిల్లా అయింది. 2012లో నగరపాలక సంస్థ అయింది. వెలుగుమట్ల, ఖానాపురం హవేలీ, బల్లేపల్లి ఒకప్పుడు పొలిమేర ఊళ్లు, ఇప్పుడు డివిజన్లు. మిర్చి లారీల ఘాటుకు ముక్కు మూసుకుని తిరిగిన ఊరికి లకారం చెరువు కట్ట మీద సాయంత్రపు షికారు అబ్బింది. కొత్త బస్టాండు 2021లో వచ్చింది. చక్కగానే ఉంది. కాకపోతే పాత బస్టాండులో దిగి గాంధీచౌక్ పక్కకు, పాత బజారుకు నడిచిపోవడం అలవాటైన పల్లెవాళ్లకు ఇక్కడ దిగాక ఆటో బేరం ఒకటి కొత్తగా తగులుకుంది. బస్సులో మిగిలిన డబ్బు కొంత ఆ బేరంలో పోతుంది. 

ఇక రోడ్లు. సూర్యాపేట నుంచి నాలుగు వరుసల రోడ్డు వచ్చి హైదరాబాదును దగ్గర చేసింది. ఖమ్మం నుంచి వైరా, కల్లూరు, సత్తుపల్లి పక్కలనుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రహదారిని పొలాల మధ్య నుంచి కోశారు. విశాఖ వెళ్లే లారీకి, కారుకు అది నిజంగానే వరం. కానీ అలాంటి రోడ్డుకు ఎక్కే చోటు, దిగే చోటు లెక్క ప్రకారమే ఉంటాయి. చెయ్యెత్తితే ఆగే బస్సుకు అక్కడ పనిలేదు. పొలం ఇచ్చిన రైతు కట్టకింద నిలబడి, పైన దూసుకుపోయే బండ్లను తలెత్తి చూడవచ్చు. పాత రోడ్డులో పోయే బస్సు కోసం మాత్రం ఎప్పటిలాగే వేపచెట్టు నీడ వెతుక్కోవాలి. పెద్ద రోడ్లు వద్దనడం లేదు. వాటికి రెండు చివర్లలో ఉన్న ఊళ్ల పేర్లే తెలుసు. మధ్యలో ఉన్న ఊరు పేరు తెలిసిన బండి ఒకటి వేరే ఉండాలి.

పేరంటే గుర్తొచ్చింది. ఈ ప్రాంతంలో ఒక రైల్వే స్టేషనుంది, పేరు భద్రాచలం రోడ్. రాముడి దర్శనానికని పేరు చూసి టికెట్ తీసుకుని మొదటిసారి దిగినవాళ్లు గుడి గోపురం కోసం నలుదిక్కులా చూస్తారు. అక్కడ కనబడేది కొత్తగూడెం. గోదావరి ఇంకా 40 కిలోమీటర్లు. ఆ పేరులో అసలు మాట భద్రాచలం కాదు, రోడ్డు. ఇక్కడ దిగితే అక్కడికి దారి ఉందని రైల్వేవాళ్లు నిజాయితీగానే చెప్పారు. ఈ వైపు రైలు భక్తుల కోసం వచ్చింది కాదు, బొగ్గు కోసం వచ్చింది. 1889లో ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైంది, గనులు ఎటు జరిగితే పట్టాలూ అటు జరిగాయి. రాముడు నది ఒడ్డునే ఉండిపోయాడు. ఆ 40 కిలోమీటర్లు పాల్వంచ మీదుగా, సారపాక కాగితం మిల్లు మీదుగా ఇన్నేళ్లూ మోస్తున్నది బస్సే. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది కూడా రైల్వేనే కావడం తమాషా. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి సుమారు 174 కిలోమీటర్ల రైలుమార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఒప్పుకుంది. అది పూర్తయిన రోజున భద్రాచలానికి రోడ్డు తోక లేని స్టేషను దక్కుతుంది. దక్కనివ్వండి.

గోదావరి దగ్గరికి చేరాక దారి స్వభావమే మారిపోతుంది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరి వంతెనను ప్రారంభించే దాకా అవతలి ఒడ్డుకు పడవే గతి. పక్కన రెండో వంతెన 2024లో వచ్చింది. అయినా వానాకాలంలో ఇక్కడి టైం టేబుల్ రాసేది గోదావరే. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడ చదువురానివాళ్లకూ నోటికొచ్చు. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. 1986 నాటి వరదను చూసినవాళ్లు మాత్రం అప్పుడు కూడా "ఇదేం చూశార్రా, అప్పుడు 75 దాటింది" అనే అన్నారు.

వరద ఒకటైతే సరిహద్దు ఒకటి. 1959 దాకా తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ఆ ఏడు ఖమ్మంలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు పోలవరం ముంపు పేరిట ఆంధ్రకు వెళ్లాయి. 2016లో భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు వెళ్లింది. ఇప్పుడు భద్రాచలంలో బయల్దేరి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే బస్సు ఊరి పొలిమేర దాటగానే ఎటపాక దగ్గర ఆంధ్రలోకి వెళ్లి, కొంతసేపటికి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. కునికిపాట్లు పడే ప్రయాణికుడికి రెండు రాష్ట్రాలు దాటినట్టే తెలియదు. సెల్‌ఫోన్ ఒక్కటే "ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం" అంటుంది.

ఆ దారుల్లో రాత్రి బస్సు పలచబడటానికి కారణాలు రకరకాలు. మావోయిస్టులు బంద్ అంటే చర్ల, వెంకటాపురం వైపు రాత్రి సర్వీసులు ఆగేవి. పొద్దు గూకేసరికి బండ్లన్నీ భద్రాచలం చేరేవి. ఇప్పుడు ఆ భయం తగ్గింది. రెండోది ఆర్టీసీ లెక్క. కిలోమీటరుకు ఎంత వచ్చిందనేదాన్ని డిపోల్లో ఈపీకే అంటారు. పది మందితో అడవిదారిలో వెళ్లి, రాత్రంతా చెట్టుకింద ఊరికే నిలబడి, ఇద్దరు మనుషుల డ్యూటీ తినే బస్సు ఆ లెక్కలో ఎప్పుడూ చివరి బెంచీయే. మూడోది ఆటో. సెవెన్ సీటర్లు, మ్యాజిక్‌లు పగలంతా బస్సు ముందు నడిచి కలెక్షన్ ఎత్తుకుపోయేవి. ఆడవాళ్లకు డబ్బు లేని జీరో టికెట్ వచ్చాక బస్సులు కిక్కిరిశాయి, ఆటోవాళ్ల పొట్ట మీద దెబ్బ పడింది. వాళ్ల గోడూ అబద్ధం కాదు. అయితే ఆటో నిండితేనే కదులుతుంది. రాత్రి తొమ్మిదికి ఒక్క ముసలామె కోసం అది కదలదు, కదిలితే ఆమె సంచిలో ఆ డబ్బుండదు. అందుకే ఆ ఒక్క ట్రిప్పును ఈపీకేతో కొలవకూడదంటాను. ఆస్పత్రి, హాస్టలు, బడి ఏ ఖాతాలో ఉన్నాయో ఆ బస్సునూ ఆ ఖాతాలో రాయాలి. నష్టం వస్తే వచ్చింది, ప్రభుత్వం ఆర్టీసీకి కట్టివ్వాలి.

ఆఖరి బస్సు ఎన్నింటికన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఏన్కూరు, జూలూరుపాడు, కారేపల్లి వైపు నుంచి ఖమ్మం వచ్చి చదివే ఆడపిల్లకు కాలేజీ అయ్యాక లైబ్రరీ ఉందా లేదా అన్నది తేల్చేది అదే. లైబ్రరీ ఎనిమిదింటి దాకా తెరిచి ఉన్నా ఆమె బస్సు ఆరింటికైతే, ఆ పిల్ల వరకు లైబ్రరీ ఆరింటికే మూతపడుతుంది. సాయంత్రం వచ్చే రక్తపరీక్ష రిపోర్టు సంగతీ అంతే.

బస్సు కూడా చేరని ఊళ్లు ఇంకా ఉన్నాయి. అడవి మొదలైన చోట తారు ఆగుతుంది. అక్కడినుంచి మంచానికి కర్రలు కట్టి నలుగురు భుజాల మీద గర్భిణిని మోసుకొచ్చిన వార్త చర్ల, దుమ్ముగూడెం పేరుతో ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది. అటవీ అనుమతులు లేవంటారు. అడవి నరికేసి రోడ్లు వెయ్యమని ఎవరూ అనరు, అడవిలో బతికే కోయలు అసలే అనరు. 2006 అటవీ హక్కుల చట్టంలోనే దానికి దారి పెట్టారు. బడికి, దవాఖానకు, రోడ్డుకు ఒక్కోదానికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే ఇవ్వవచ్చు. చట్టం వచ్చి ఇరవై ఏళ్లవుతోంది. చట్టంలో దారి ఉంది గానీ, కాగితం ఆ దారిన నడవడానికే ఆలస్యం.

దారి తెగితే ఎలా ఉంటుందో నగరానికి తెలియదనుకోవద్దు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుని గంటలకొద్దీ చేతులూపారు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు తెగించి నీళ్లలోకి బండి దింపి వాళ్లను తీసుకొచ్చాడు. బొక్కలగడ్డలో మిద్దెలెక్కిన జనం ఎవరో ఒకరు రాకపోతారా అని రోడ్డు కేసి చూశారు. ఆ ఒక్కరోజు ఖమ్మం ఏజెన్సీ ఊరైంది. నీళ్లు తీశాక బురద కడుక్కున్నాం. మళ్లీ ట్రాఫిక్‌లో హారన్లు కొట్టుకోవడంలో పడిపోయాం.

ఏన్కూరులో నేను దిగేసరికి బస్సులో పదిహేను మంది ఉన్నారేమో. పెద్దావిడ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఎక్స్‌రే కవరు మడతపడకుండా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. బస్సు వెనక ఎర్ర దీపాలు చీకట్లో మలుపు తిరిగాయి.

మర్నాడు పొద్దున ఆరు దాటాక సెంటర్‌లో టీ తాగుతుంటే అదే బస్సు వచ్చింది. ఈసారి బోర్డు మీద ఖమ్మం. నిలబడటానికి కూడా చోటు లేదు, ఫుట్‌బోర్డు మీద నిలబడి లోపలికి తొంగిచూశాను. పెద్దావిడ అదే సీట్లో ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఒళ్లో అదే సంచి. కండక్టరు జనం మధ్య నుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తూ, "మేకలు కట్టేసినవా పెద్దమ్మా?" అని అడుగుతున్నాడు. డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద, ఎవరిచ్చారో, లేత సొరకాయ ఒకటి దొర్లకుండా తువ్వాలు చుట్టి పెట్టి ఉంది.